గుంత పూడ్చిన హాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా వీధిలో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను, లేదంటే వెటకారం చేసి నోరు మూయిస్తాను. వేలూరు తొరపాడిలో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. పొద్దస్తమానం కొలతలు, కత్తెర, జాకెట్టు చేతులు బిగుతయ్యాయని వచ్చే ఆడవాళ్ళ సణుగుడు. ఇలాంటి వాటికి నాకు తీరికా లేదు, నమ్మకమూ లేదు. ఇప్పుడు చెప్పబోయేది ఎవరో చెప్పగా విన్నది కాదు. పట్టపగలు, నలుగురి మధ్య, నా కళ్ళ ముందు జరిగింది.

మా అక్క సరోజ ఇల్లు గుడియాత్తంలో ఉండేది. బావ లుంగీలు నేసేవాడు. హాల్లో కిటికీకి ఎదురుగా గుంత మగ్గం ఉండేది. అంటే నేలలో గుంత తవ్వి, దాని మీద మగ్గం బిగిస్తారు. నేసేవాడు గుంత అంచున నేల మీదే కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మా వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ గుంతలో కూర్చోరు. పక్కన చతికిలబడి, రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టి అందిస్తారు. పెళ్ళయిన నాటి నుంచి అక్క చేసింది ఆ పనే. దాంతోనే ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చోవడం మానేసి చాలా ఏళ్ళయింది. పెళ్ళికి వెళ్ళినా ముందు కుర్చీ వెతుక్కుంటుంది.

బావ జబ్బు చేసి వేలూరులో ఆసుపత్రిలో పోయాడు. ఇంట్లో కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, విన్నవాళ్ళందరూ మొదట అడిగేది అదే. మగ్గం విప్పి అమ్మేశాం. గుంత మీద పలకలు పరిచి అలాగే ఉంచాం. వాళ్ళకు పిల్లలు లేరు. అక్క ఒక్కతే ఉండేది.

నిరుడు ఒకరోజు ఉదయం అక్క స్నానాల గదిలో జారిపడింది. లేవలేక, పాలావిడ వచ్చి తలుపు తట్టేదాకా ఆ తడి నేల మీదే పడి ఉంది. అది విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. షాపులో ఫోన్ మోగితే చేతిలో కత్తెర పడేసి పరుగెత్తేదాన్ని. దేవుడి దయో ఏమో, అప్పుడే తొరపాడిలో మా పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, మెట్లు లేవు, మా గోడకు ఆనుకునే ఉంటుంది. గుడియాత్తం ఇల్లు అమ్మితే తప్ప అది కొనలేం.

అక్కకు ఇల్లంటే బెంగేమీ లేదు. నాకంటే ఆమెకే తొందర. "ఈ కొంప ఎవురికన్నా అంటగట్టి నన్ను పిలుచుకోని పోవే వసంతా. ఇంగ నా వల్ల కాదు," అనేది.

ప్రతి ఆదివారం షాపు మూసి, బస్సెక్కి వెళ్ళి ఇల్లు సర్దేదాన్ని. గోడలకు రంగు వేయించాను. కారే కొళాయి మార్పించాను. దేవుడి గూట్లో నూనె జిడ్డు వంటసోడాతో రుద్ది రుద్ది వదలగొట్టాను. బస్తా నిండా పాత కండెలు బయట పారేశాను. కిటికీలకు నేనే పరదాలు కుట్టి తగిలించాను. బ్రోకరు చూసి ఒకటే మాటన్నాడు. "అన్నీ బాగుండాయమ్మా. ఈ గుంత మాత్రం పూడ్చేయండి. చూస్తే ఎవురూ కొనరు."

మేస్త్రీని పిలిచి పూడ్పించాం. ఇటుక ముక్కలు, ఇసుక వేసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో దంచి, పైన సిమెంటు, దాని మీద హాలంతా ఒకే రకం టైల్స్. గుంత ఎక్కడుండేదో తెలియని మనిషి కనిపెట్టడం అయ్యే పని కాదు.

మొదట వచ్చింది పళ్ళికొండ దగ్గర హైవే మీద హోటల్ నడిపే భార్యాభర్తలు. వెంట ఆయన తల్లి. ఆ ఉదయం గడప ముందు ముగ్గేసి, సాంబ్రాణి పొగ వేసి ఎదురుచూశాం. ఆయన గుమ్మంలోంచి వంటింటి వైపు నేరుగా నడిచి, కిటికీ దగ్గరికి రాగానే గోడవారగా జరిగి, చుట్టు తిరిగి వెళ్ళాడు. వెనకే భార్య, ఆ వెనక తల్లి, అలాగే. నేను పట్టించుకోలేదు. అక్క మాత్రం నా వైపు అదోలా చూసింది. పోతూ పోతూ, హాలు మరీ ఇరుకుగా ఉందన్నారు.

అంత హాలు ఆ వీధి మొత్తంలో ఇంకో ఇంటికి లేదు.

తర్వాత కనియంబాడి నుంచి ఒక రైతు టేపు పట్టుకుని వచ్చాడు. గోడ నుంచి గోడకు కొలిచి, పెద్దదేనని తలూపాడు. టేపు చుట్టుకుని ఇటు వస్తూ, కిటికీ దగ్గర వంపు తిరిగాడు. ఖాళీ నేల చుట్టూ, మగ్గమంత మేర వదిలేసి. నేను కళ్ళప్పగించి చూశాను. "టేపులో ఉండాది గానీ, కంటికి యాడమ్మా, ఇరుకుగానే ఉండాది," అన్నాడాయన.

ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఎవరినడిగినా హాలు ఇరుకు అనే మాటే. మేస్త్రీని మళ్ళీ పిలిపించి టైల్స్ కొట్టి చూడమన్నాను. బోలు లేదు, వాలు లేదు. జమఖానా తెచ్చి పరిచాను. దాన్నీ చుట్టు తిరిగే వెళ్ళారు. జమఖానా తొక్కకూడదనే మర్యాదేమో అని నాకు నేనే చెప్పుకుని, దాన్ని తీసేశాను. మార్పేమీ లేదు.

ఒకరోజు నేల తుడుస్తుంటే అక్క కుర్చీలోంచి అంది. "వాళ్ళనంటావు గానీ, నువ్వూ ఆ తావు సుట్టే తుడస్తా ఉండావు."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. గుడ్డ విసిరికొట్టి, సరిగ్గా ఆ చోటికి వెళ్ళి రెండు కాళ్ళతో నిలబడి తొక్కాను. గట్టి నేల. ఏమీ కాలేదు. ఏమీ కానందుకు ఇంకా చిరాకేసింది. ఆ తర్వాత వచ్చిన ఒకావిడను, నేనక్కడే నిలబడి, ఇట్లా రండి అని పిలిచాను. ఆమె నా ముందుదాకా వచ్చి ఆగిపోయింది. నవ్వుతూ, పర్వాలేదు ఇక్కడి నుంచే కనబడతా ఉండాది అంది.

తొరపాడిలో మా పక్కింటాయన ఇంక ఆగలేనన్నాడు. వేరేవాళ్ళు అడుగుతున్నారట. ఆయన తప్పేముంది. కానీ ఆ ఇల్లు చేజారితే అక్క మళ్ళీ ఆ తడి నేల మీదే పడి ఉంటుందని నా భయం. రాత్రిళ్ళు అటూ ఇటూ దొర్లడమే. ఒకావిడ పట్టు జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను. నా చేతి మీద అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు.

చివరగా ఒక మధ్యాహ్నం, గుడియాత్తంలోనే అద్దెకుంటున్న ఒక జంట వచ్చింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. హాల్లోంచి అక్క గొంతు వినిపించింది. రండమ్మా, బాగా తిరిగి చూసుకోండి అంటోంది. పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చాను.

అక్క కుర్చీ ఖాళీగా ఉంది. అక్క నేల మీద కూర్చుని ఉంది. కిటికీకి ఎదురుగా, బావ కూర్చునే చోట.

నేను టైలర్ని. బట్ట ఒంటి మీద ఎలా పడుతుందో చూడడమే నా బతుకు. కాళ్ళు మడిస్తే మోకాళ్ళ దగ్గర చీర ఎత్తుగా లేవాలి. జాపితే పాదాలు కనబడాలి. రెండూ లేవు. తొడల దాకా చీర మామూలుగా ఉంది. మోకాళ్ళ తర్వాత టైల్స్ మీద పరిచిన బట్టలా చదునుగా పడి ఉంది. నేను రెప్ప వేసి మళ్ళీ చూశాను. అంతే. అక్క మాత్రం తాపీగా మాట్లాడుతోంది. ఆ అమ్మాయి అక్క భుజం పక్క నుంచి, ఇన్నాళ్ళూ ఎవరూ కాలు పెట్టని చోట నడిచి, కిటికీ తెరిచి చూసింది. "హాలు ఎంత పెద్దదిగా ఉండాదో చూడండి," అంది భర్తతో.

వాళ్ళు పెరట్లోకి వెళ్ళారు. అక్క రెండు అరచేతులూ అటూ ఇటూ నేలకు ఆనించి, ఒళ్ళు పైకెత్తి, పక్కకు తిరిగి, కాళ్ళు పైకి లాక్కుని లేచింది. గుంతలోంచి లేచే మనిషి అలాగే లేస్తాడు. బావ లేవడం కొన్ని వందలసార్లు చూశాను. అక్క అమ్మా అనలేదు, నా చెయ్యి అడగలేదు. లేచాక ఎప్పటిలా కుంటుతూ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాఫీ సగం పళ్ళెంలోనే ఒలికిపోయింది.

వాళ్ళే కొన్నారు. ఇప్పుడు ఆ హాల్లో అందరూ ఎటు పడితే అటు నడుస్తున్నారు, నేను వెళ్ళి చూశాను కూడా. అక్క మా పక్కింట్లోకి వచ్చేసింది. డాక్టరుకు మళ్ళీ చూపించాం. ఈ మోకాళ్ళతో నేల మీద కూర్చోవడం కుదరదనే ఆయనా అన్నాడు. ఇన్నేళ్ళు మగ్గం చుట్టూ తిరిగిన అలవాటుతో మేమే ఆ చోటు తప్పించి నడుస్తుంటే, మమ్మల్ని చూసి వచ్చినవాళ్ళూ తెలియకుండా తప్పుకున్నారేమో అని ఒకసారి అనుకుంటాను. ఆ రోజు నా కళ్ళే తడబడ్డాయేమో అని ఇంకోసారి. ఏదీ పూర్తిగా అతకడం లేదు.

అక్కను అడగడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. చివరికి ఒకరోజు ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని అనపకాయలు ఒలుస్తుంటే అడిగాను, ఆ రోజు ఎట్లా కూర్చున్నావక్కా అని.

తల ఎత్తకుండానే చెప్పింది. "జరగమని అడిగినా. వచ్చినోళ్ళంతా వద్దని పోతా ఉండారు, చెల్లెలు నిద్ర లేక నలిగిపోతా ఉండాది, రవంత జరుగు అన్నా. జరిగినాడు మీ బావ. కూర్చున్నా." చేతిలో కాయ ఒలిచి తొక్క పక్కన పడేసి మళ్ళీ అంది. "బతికినన్ని దినాలూ ఒక్కతూరి కూడా ఆ తావు నాకియ్యలేదు."

ఆ మాటకు నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. అక్క ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

బావ జరిగి ఎక్కడికి వెళ్ళాడని మాత్రం నేను ఇప్పటిదాకా అడగలేదు.