మామయ్య స్టూడియో పెళ్ళిఫోటోల డబ్బా

మా ఇంట్లో కుట్టుమిషను మీద ఇప్పుడొక స్కానరు కూర్చుంది. మూత కింద తెల్లటి వెలుతురు ఈ చివరి నుంచి ఆ చివరికి తీరుబాటుగా నడుస్తుంది, అంగడి మూసేవేళకు వచ్చి ఏమీ కొనకుండా అన్ని చీరలూ తడిమిపోయే మనిషిలాగా. నెల్లూరులో ఫోటోల పని మానుకుంటున్న ఒకాయన దగ్గర పాతది కొన్నాను. ఆయన చెప్పిన ధరను సగానికి దింపి, గెలిచానన్న గర్వంతో ఇంటికి తెచ్చి విప్పితే, నెగటివ్‌ను కదలకుండా పట్టుకునే చట్రమూ లేదు, ఎలా వాడాలో చెప్పే పుస్తకమూ లేదు. ఫోన్ చేశాను. "మీరు తగ్గించిన సగంలో అవి పోయినాయి సార్," అన్నాడాయన చాలా మర్యాదగా. బట్టలంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి కదా, నాకు కోపం కంటే గౌరవమే ఎక్కువ కలిగింది. కొత్త చొక్కా మడతలో పెట్టే అట్ట ఉంటుందే, దాన్ని బ్లేడుతో చదరంగా కోసి చట్రం నేనే చేసుకున్నాను.

ఇంత అవస్థ ఎందుకంటే, మా మేనమామ పోయాక ఆయన కొడుకు స్టూడియో గదిని సెల్‌ఫోన్ల అంగడికి ఇచ్చేశాడు. నేను మామయ్య కెమెరా మీద కన్నేసి వెళ్ళాను. పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూసే రెండు కళ్ళ కెమెరా అది. ఎంత బేరమాడినా బావమరిది కెమెరా ఇవ్వలేదు. ఉత్త చేతులతో పంపడం బాగుండదని ఒక బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టాడు. నిండా నెగటివ్‌లు. తర్వాతి కాలం చిన్న రీళ్ళవి కావు, అరచేతిలో సగం ఉండే చదరపు ముక్కలు. ఒక రీలుకు పన్నెండు ఫోటోలే కాబట్టి మామయ్య, ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టి బొమ్మయిపోయేదాకా మీట నొక్కేవాడు కాదు. పెళ్ళిచూపులకు ముందు మగపెళ్ళివారికి పంపే ఫోటోలు మాత్రం ఆయన వేరే డబ్బాలో దాచేవాడు. మొదటి సంబంధం తప్పిపోతే ఇంకో కాపీకి మళ్ళీ వస్తారని ఆయన దూరాలోచన. నాకు దొరికింది ఆ డబ్బాయే.

నాయుడుపేట బజారులో మా నాన్న అంగడికీ ఆ స్టూడియోకీ మధ్య ఒకటే గోడ, అందులో ఒక కిటికీ. పల్లెల నుంచి బస్సు దిగి, నలిగిన చీరతో ఫోటోకు వచ్చిన పిల్లను చూడగానే మామయ్య కిటికీ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. మా నాన్న అరలోంచి కొత్త చీర ఒకటి తీసి అందించేవాడు. ఫోటో కాగానే చీర మళ్ళీ కిటికీలోంచి వచ్చి, మడతపడి, అరలోకి ఎక్కి, కొత్తదిగానే అమ్ముడుపోయేది. ఒక్కోసారి ఆ పిల్లే, సంబంధం కుదిరాక తల్లితో వచ్చి అదే చీర కొనుక్కునేది. మా నాన్న దానధర్మం అలా ఉండేది. దానికి వారసుణ్ణి నేను.

డబ్బా ఇంటికి వచ్చిన రోజే మా వదిన వచ్చింది. వదిన అంటే మా అన్న భార్య. పుట్టిల్లు ముత్తుకూరు. మూడేళ్ళు నిండకముందే తల్లిని పోగొట్టుకుంది. ఆ తల్లి జీవితంలో ఒక్కసారే ఫోటో దిగింది, అదీ పెళ్ళికి ముందు, మా మామయ్య దగ్గర. ఉన్న ఒక్క కాపీ తుపానుకు ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు కొట్టుకుపోయింది. "నువ్వు మీ అమ్మ పోలికే" అని అందరూ అంటుంటే, అవునో కాదో తెలుసుకునే దారి లేక మా వదిన అరవై ఏళ్ళు తలూపుతూ వచ్చింది.

డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, "ఇందులో ఉంటాదా అబ్బయ్యా?" అంది.

"ఉంటే మా మామయ్య పిసినారితనం పుణ్యం వదినా. ఒక్క ముక్క పారేసేవాడు కాదు."

నవ్వింది గానీ చెయ్యి తియ్యలేదు.

వారమంతా స్కాన్ చేశాను. నెగటివ్‌లో నల్లటి పళ్ళు, తెల్లటి జుట్టుతో దయ్యాల్లా ఉన్నవాళ్ళు తెర మీద ఒక్కొక్కరే పెళ్ళికూతుళ్ళుగా తేలుతుంటే పనిలో పడి కాఫీ చల్లారిపోయేది. అందరి ఒంటి మీదా మా అంగడి చీరలే. కుచ్చిళ్ళకు అడ్డంగా మడత గీతలు అలాగే కనబడుతున్నాయి, ఇస్త్రీ పెట్టడానికి కూడా మా నాన్న మనసు ఒప్పలేదు. అంచు వెడల్పు చూసి ఏది ఏ ఊరి నేతో, అప్పట్లో ఏ ధర పలికి ఉంటుందో చెప్పుకుంటూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

వదిన తల్లిని గుర్తుపట్టగల మనిషి ఒక్కరే మిగిలారు: తల్లికి స్వయానా చెల్లెలు, వదినకు చిన్నమ్మ. ఎనభై దాటిన ఆ పెద్దావిడ ముత్తుకూరులోనే ఉంది. ఈమధ్యే కంటికి ఆపరేషన్ అయింది. లాప్‌టాప్ తీసుకుని, వదినను వెంటబెట్టుకుని వెళ్ళాను.

నాలుగు ఫోటోలు చూసి ఆమె నా వైపు తిరిగింది. "ఇదేందబ్బయ్యా, ఈ నలుగురికీ ఒకటే చీర?"

"మా అంగట్లోది అత్తా."

"అట్టయితే మీ నాయన ఒక్క చీరతో ఊరందరి పెళ్ళిళ్ళూ చేసినాడన్నమాట."

తర్వాత ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపు చూసి పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "మొగం మా అక్క మాదిరే ఉండాది. కానీ కాదు. మా అక్కకి పెదివి కింద ఎడం పక్క మచ్చ. ఈ పిల్లకి కుడిపక్కనుండాది."

"బాగా చూడు చిన్నమ్మా," అంది వదిన.

"ఒకే మంచంలో పడుకున్నదాన్ని, నాకు తెలీదా?"

వదిన నా మోచెయ్యి వదిలేసింది. "పోనీలే అబ్బయ్యా, కాఫీ తాగి బయల్దేరదాం," అని కొంగుతో కళ్ళజోడు తుడుచుకోసాగింది. ఎంత లేదన్నా నేనే ఆశ పెట్టి తీసుకొచ్చాను.

పెద్దావిడ మాత్రం ఇంకా తెర వదల్లేదు. "అయినా ఈ ఆడపిల్లోళ్ళంతా పయిట కుడి భుజాన ఏసుకున్నారేంది? మార్వాడీ సేట్ల ఇంటి ఆడోళ్ళ మాదిరి!"

నేను చూశాను. నిజమే. ఒక్కరు కాదు, అందరూ. అంచు చూసి ధర చెప్పే మొనగాణ్ణి, చిన్నప్పటి నుంచి అంగడి బొమ్మలకు చీరలు చుట్టినవాణ్ణి, వారం రోజులు చూసీ పయిట ఏ భుజాన ఉందో చూడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు వెలిగింది. నెగటివ్‌కు ఒక వైపు మెరుపు, ఒక వైపు మబ్బు. పట్టుచీర పరిచేటప్పుడు మెరిసే వైపు పైకి పెట్టడం మా చేతులకు పుట్టుకతో వచ్చింది. స్కానరు కింది నుంచి చూస్తుంది, దానికి మెరుపు కిందికి ఉండాలి. ఆ సంగతి చెప్పే పుస్తకాన్ని నేను బేరంలో పోగొట్టుకున్నాను. ఊరి పెళ్ళికూతుళ్ళందర్నీ ఎడమా కుడీ మార్చేశాను.

"ఒక్క నిమిషం అత్తా," అని బొమ్మను తిప్పాను.

మచ్చ ఎడమ పక్కకు వచ్చింది. పెద్దావిడ తెర మీద ఆ బుగ్గను వేలితో తాకి, ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు, "అక్కా," అంది. ఆ తర్వాత అక్కను తిట్టింది. "నవ్వే, నవ్వే అని గుమ్మం దగ్గర నిలబడి ఎంత మొత్తుకున్నా నవ్వలా! చూడు ఎట్టా బిగదీసుకోనుండాదో!"

వదిన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగింది. నుదురు చూసింది, చెవులు చూసింది, తన చెవి ఒకసారి తడుముకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇంత చిన్నపిల్లా చిన్నమ్మా?" అంది. "నా మనవరాలంత ఉండాదే! నేనెప్పుడూ పెద్దామె అనుకుంటానే ఉండాను."

తిరిగొస్తుంటే దారిలో, పెద్ద ఫోటో కట్టించమని అడిగింది. ఫ్రేములవాడు నాకు తెలిసినవాడే, ధర సంగతి చూసుకుంటానన్నాను. "చూసుకోబాకు," అంది వదిన. "మా అమ్మ మీద బేరమాడబాకు." ఫ్రేములవాడు చెప్పినంతా ఇచ్చాను. వాడు అనుమానంగా నోటును వెలుతురుకు పెట్టి చూశాడు.

డబ్బాలో ఉన్నవాళ్ళందర్నీ ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి, మెరుపు కిందికి పెట్టి స్కాన్ చేస్తున్నాను. వీళ్ళ బిడ్డలు, మనవరాళ్ళు ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే ఎక్కడో ఉంటారు. ఒక్కొక్కరినీ వెతికి ఇవ్వాలని ఉంది. మా వదిన ఇంట్లో హాలు గోడ మీద ఆ పిల్ల బిగదీసుకుని కూర్చునే ఉంది. వదిన పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఎదురుగా కుర్చీ వేసుకుంటుంది. తల్లి ముఖం ఆమెకు చేరడానికి ఒక జీవితకాలం పట్టింది, కానీ చేరినప్పుడు ఆ ముఖం ఒక్క రోజు కూడా పాతబడలేదు.