చంద్రుడిలాంటి ముఖం

గుడివాడలో మా డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే పడమట సన్నటి నెలవంక కనిపించింది. బందరు బడిలో ఉపమాలంకారం చెప్పిన రోజు గుర్తొచ్చింది.

తెలుగు మాస్టారు బోర్డు మీద ‘అమ్మ ముఖం చంద్రుడిలా ఉంది’ అని రాశారు. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం, ‘లా’ ఉపమావాచకం.

“మరి రెండింటికీ కలిసే గుణం ఏంటి? దాన్నే సమానధర్మం అంటాం.”

“గుండ్రంగా ఉంటాయండీ,” అన్నారు పిల్లలు. ఆయన ‘గుండ్రం’ అని రాశారు.

నాకది అంతుపట్టలేదు. మా ఇంట్లో చంద్రుడంటే రంజాన్ నెలవంకే. గోరు ముక్కంత ఉంటుంది, గుండ్రం ఎక్కడ? దానికోసం వీధంతా డాబాలెక్కి, మెడలు పట్టేసేదాకా చూసేవాళ్లం. అది కనపడితేనే మర్నాడు పండగ.

లేచి నిలబడ్డాను. “రెండింటికోసమూ ఎదురుచూస్తామండీ.”

క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

“అమ్మ కోసం ఎందుకు ఎదురుచూడటం?”

“గుడివాడలో బట్టల కొట్లో పనిచేస్తుందండీ. చీకటిపడ్డాక వస్తుంది. బస్సు దిగిందేమోనని డాబా మీంచి చూస్తుంటాను.”

ఆయన ‘గుండ్రం’ పక్కన ‘ఎదురుచూపు’ అని రాశారు. అది తప్పో ఒప్పో చెప్పలేదు. ఆ సందేహం నాకు చాలాకాలం ఉండిపోయింది.

ఈవేళ గుడ్లవల్లేరు కాలేజీ బస్సు ఆలస్యమైంది. బట్టలు భుజాన వేసుకుని పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను. చివరికి సందు మలుపులో మా అమ్మాయి ముఖం కనిపించింది.

నెలవంక ఎప్పుడు దిగిపోయిందో నేను చూడనేలేదు.