మావయ్యగారి కారు లాగనన్న వేసవి

మా మావయ్యగారిది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. ఆయన మనుషుల్ని నమ్మరు, తూకాన్ని నమ్మరు, మబ్బుని అసలే నమ్మరు. కల్తీ లేని సరుకని తేలితే మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేస్తారు. ఎనభైల్లో, నేను కోడలిగా వెళ్ళిన కొత్తల్లో, ఎవరో రోడ్డు కాంట్రాక్టరు వాడి వదిలేసిన డీజిల్ కారొకటి కొన్నారు. అది స్టార్టయితే మా వంటింట్లో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి.

పొద్దువాలితే మావయ్యగారికి చూపు ఆనేది కాదు. మా ఆయనకేమో స్టీరింగు చూస్తేనే చెమటలు. అందుకని ఓ రోజు మావయ్యగారే పిలిచి, "అమ్మాయ్, నువ్వు నేర్చుకో" అన్నారు. తోటల మధ్య మట్టిరోడ్డు మీద తెల్లవారుతూనే పాఠాలు మొదలయ్యాయి. కోడలు కారు తోలడమేంటని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. నేను పట్టించుకోలేదు. ఆ ఇంట్లో నేను తిప్పినవైపు తిరిగే వస్తువు అదొక్కటే మరి.

దాని బ్రేకుల గురించి చెప్పాలి. మొదటి తొక్కు దానికి వినపడేదే కాదు. రెండో తొక్కుకి ఆలోచించేది. మూడోసారి, "నన్నేనా పిలిచింది?" అన్నట్టు ఆగేది. ఈ లోపల ఎదురుగా ఉన్న గేదె తన దారి తను చూసుకోవాలి.

ఆవకాయ పెట్టే రోజులొచ్చాయి. అంగట్లో దొరికే నూనె మీద మావయ్యగారికి నమ్మకం లేదు. జి. కొండూరు వైపు ఒక గానుగ దగ్గర కూర్చుని, నువ్వులు ఎదురుగా ఆడించుకుని, పప్పునూనె టిన్ను కార్లో వేసుకొచ్చారు. ఆవేళ నుంచి ఇంట్లో రెండు వింతలు మొదలయ్యాయి.

ఒకటి, బ్రేకు ఒక్క తొక్కుకే పట్టడం. "నా చెయ్యి పడిందంటే అంతే" అన్నారు మావయ్యగారు మీసం సవరించుకుంటూ. రెండోది, టిన్నులో నూనె సోలెడు తగ్గడం. మా అత్తయ్యగారు టిన్ను ఒకసారి చేత్తో ఎత్తి చూసి తేల్చేశారు. ఎవరు తీశారని అడగలేదు. ఆవిడ చూపు మెల్లగా వచ్చి నా జడ మీద ఆగింది. నా జడ పొడుగు, నిగనిగలాడుతుంది కూడా. నేను ఎన్ని ఒట్లు పెట్టుకున్నా లాభం లేకపోయింది.

కొద్ది రోజులు గడిచాయో లేదో, కారు లాగడం మానేసింది. మూడో గేరులో ఎక్కే ఎత్తుకి రెండో గేరు వెయ్యాల్సొచ్చేది, ఆ తర్వాత ఒకటో గేరు. వెనకాల నల్లటి పొగ. కాయల బండివాడు మమ్మల్ని దాటి వెళ్ళి, ఎడ్లని ఆపి, "తాడు కట్టమంటారాండీ?" అని మర్యాదగానే అడిగాడు.

ఆ సాయంత్రం మావయ్యగారు జబ్బేంటో చెప్పేశారు. "అమ్మాయి క్లచ్చు మీంచి కాలు తియ్యదు. ఇంజను నలిగిపోయింది." పాఠాలు ఆగిపోయాయి. తాళంచెవి ఆయన మొలతాడు ఎక్కింది. నూనె దొంగని నేనే, ఇంజను చంపిందీ నేనే. పెళ్ళయ్యాక మొదటిసారి నాకు నిజంగా ఏడుపొచ్చింది. నూనె గురించి కాదు. కారు మొరాయించడానికి ముందురోజే నేను మొదటిసారి మూడో గేరు వేశాను. ఆ రుచి తెలిశాక మళ్ళీ వెనక సీట్లో క్యారేజీ పట్టుకుని కూర్చోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

షెడ్డు నుంచి మెకానిక్కు వచ్చాడు. ఇంజను గాలి పీల్చే డబ్బా విప్పితే, కాయల బుట్టల్లో పరిచే వరిగడ్డి పిడికెడు బయటికొచ్చింది. "ఊపిరాడట్లేదండీ దీనికి" అని దులిపి బిగించాడు. పొగ తగ్గింది గానీ కారు లాగలేదు. డీజిల్ ఫిల్టరు మార్చాడు, గొట్టాల్లో చిక్కిన గాలి తీశాడు. ఊహూ. తల గోక్కుని, "బ్రేకులొకసారి చూడమంటారాండీ?" అన్నాడు.

మావయ్యగారు కస్సుమన్నారు. "బ్రేకుల జోలికెళ్ళావంటే ఊరుకోను. కారు మొత్తానికి బాగున్నవి అవే."

"అయితే డీజిల్ పంపు విప్పి బెజవాడ పంపాలండీ" అని అతను చేతులు తుడుచుకున్నాడు.

నాకొక సంగతి వింతగా ఉండేది. మా తోట ముందు దారి ఏటవాలుగా ఉంటుంది. అంతకు ముందు కారు ఆపగానే చక్రం కింద రాయి పెట్టకపోతే అది తనంతట తనే ఇంటికి బయల్దేరేది. ఇప్పుడు రాయి లేకపోయినా గంభీరంగా నిలబడుతోంది. "చూశావా, దీనికి బుద్ధొచ్చింది" అని మావయ్యగారు మురిసిపోయారు. స్టార్టవ్వకపోతే ఇదివరకు ఇద్దరు తోస్తే చాలు. ఇప్పుడు కాయలు కోసే కూలీలంతా వచ్చి భుజాలు ఆనించినా కదలట్లేదు. వాళ్ళలో ఒకావిడ కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "ఏనుగునేమన్నా ఎక్కించారాండీ?" అంది.

ఇక దీంతో వేగలేనని మావయ్యగారు బాపులపాడులో ఒక ఆసామికి అమ్మకానికి కబురు పెట్టారు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడతను. నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఎవరూ పట్టించుకోలేదనడం అన్యాయం. అత్తయ్యగారు కంచం వంకా నా వంకా మార్చి మార్చి చూశారు.

శనివారం మావయ్యగారు, అత్తయ్యగారు, నేను తోటకి బయల్దేరాం. కారు మూలుక్కుంటూ ఏటవాలు దాకా వచ్చి చతికిలబడింది. దిగాం. అత్తయ్యగారు పైట సర్దుకుంటూ ఆగిపోయారు.

"ఎవరో పోపు పెడుతున్నారు."

చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. కనుచూపుమేర మామిడితోటలే. ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ కారు చుట్టూ తిరిగారు. ముందు చక్రం దగ్గర వంగారు. చెయ్యి దగ్గరికి పెట్టి, వేడికి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. అప్పుడు నిటారుగా నిలబడి మావయ్యగారిని చూశారు.

"ఏమండీ. ఇది మన గానుగ నూనె."

మావయ్యగారు చెట్లకేసి తిరిగి, "ఈ ఏడు కాయ బాగా ఊరింది" అన్నారు.

"ఏమండీ."

ఇక తప్పలేదు. ఆరోజు గానుగ నుంచి వస్తుంటే బ్రేకు తొక్కితే తొక్కినట్టు కిందికి పోయిందట. బానెట్టు ఎత్తి చూస్తే బ్రేకాయిలు డబ్బా ఖాళీ. "అంగట్లో సీసాలో ఏం కలిపి అమ్ముతాడో ఎవడు చూడొచ్చాడు? ఇదైతే నా కళ్ళముందు ఆడించింది. అందుకని కొంచెం పోశాను" అన్నారాయన.

"సోలెడు" అన్నారు అత్తయ్యగారు. "నాలుగు చక్రాలకీ తిరగమాత పెట్టారన్నమాట. ఆ పిల్ల జడని అనుమానించాను నేను."

ఆవిడ నాకు క్షమాపణ చెప్పలేదు, అలాంటి అలవాటు ఆ ఇంట్లో లేదు. క్యారేజీ విప్పి, పెరుగన్నం ముద్ద కలిపి నా చేతిలో పెట్టారు. నేను ఆ ఎండలోనే నిలబడి తినేశాను.

మెకానిక్కుని పిలిపించాం. జాకీ పెట్టి చక్రం ఎత్తి తిప్పబోతే అది తిరగనంది. విప్పితే లోపలి రబ్బరు వాషర్లు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. "బ్రేకు మీంచి కాలు తీసినా ఇది వదలట్లేదండీ. ఇంజను తప్పేం లేదు. పాపం అది బ్రేకులతో కుస్తీ పడుతూ ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది" అన్నాడు. ఆ తర్వాత వేలు వాసన చూసుకుని, "నూనె మాత్రం మేలైనదండీ" అన్నాడు. మావయ్యగారికి ఆ ఒక్క మాట కాస్త ఓదార్పు. అన్ని చక్రాలకీ కొత్త వాషర్లు వేసి, గొట్టాలు కడిగి, డబ్బాలో పోయాల్సింది పోసేసరికి ఆదివారం పొద్దునైంది. చక్రాన్ని వేలితో తోస్తే తిరుగుతోంది.

మావయ్యగారు మొలతాడు తడుముకుంటుంటే అత్తయ్యగారు చెయ్యి చాపారు. తాళంచెవి తీసుకుని నాకిచ్చారు. "ఇంజను నలిపిందన్నారుగా. నలుపుతుందో లేదో వెనక కూర్చుని చూడండి."

ఏటవాలు మూడో గేరులో ఎక్కింది. నేను పైకి నవ్వలేదు గానీ లోపల ఎగిరి గంతేశాను. వెనక సీట్లో మావయ్యగారు మలుపు మలుపుకీ లేని బ్రేకు కాలితో తొక్కుతూనే ఉన్నారు.

తిరిగొచ్చేసరికి బాపులపాడు ఆసామి మా అరుగు మీద ఉన్నాడు. కారు ఒక్క తొక్కుకి ఆగడం చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "లాగట్లేదన్నారే? భేషుగ్గా ఉందండీ. మీరు చెప్పిన దాని మీద ఇంకాస్త వేసి తీసుకుంటాను."

మావయ్యగారు వ్యాపారి. మంచి బేరం వదులుకోగా నేనెప్పుడూ చూడలేదు. నేను దిగి, తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిరిగి నా వైపు జరిపారు.

"అమ్మడానికి లేదండీ. మా కోడలు తోలుకుంటోంది."

"ఆడవాళ్ళకి కారెందుకండీ?" అన్నాడతను.

"మగాళ్ళకిచ్చి చూశాం లెండి" అని మావయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు.