జూనియర్లను తీసుకోని సీనియర్

ఎవరైనా తమ కాలేజీకొచ్చిన ర్యాంకు గురించి గొప్పలు చెబితే, నుదుటి మీదికి తోసిన ఒక కళ్ళజోడు నాకు గుర్తొస్తుంది. నమ్మకం కుదరనప్పుడల్లా మా సీనియర్ వకీలు చేసే పని అది.

కర్నూలు కోర్టులో ఆయన జూనియర్లను తీసుకోడని పేరు. అంతటి మనిషి గొప్ప వకీలే అయివుంటాడని అందరిలాగే నేనూ అనుకున్నాను. చేర్చుకోమని వెళ్ళి, ముందుగా దేశంలో మా లా కాలేజీకున్న ర్యాంకు చెప్పాను.

కళ్ళజోడు నుదుటికెక్కింది. "మీ కాలేజీకి ఆ ర్యాంకు ఎట్లొచ్చిందప్పా?"

"ఆడ సీటు దొరకడం శానా కష్టం సార్. వందలమంది పరీక్ష రాస్తే కొందరినే తీసుకుంటారు."

"వాకిలి ఇరుకని చెప్తాండావు. లోపల ఏం నేర్పినారో చెప్పు."

ఒక దావా రాయమని కాగితం నా ముందుకు జరిపారు. నాకు చేతకాలేదు. అయినా రేపటినుంచి రమ్మన్నారు.

ఎవరినీ తీసుకోని మనిషి నన్ను తీసుకున్నాడని కోయిలకుంట్లలో బంధువులందరికీ చెప్పుకున్నాను. తీరా చేరాక చూస్తే కేసులు అంతంతమాత్రమే. నాలో అనుమానం మొదలైంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాకు ముందు ఎంతమందిని వద్దన్నారు సార్?"

ఆయన నవ్వారు. "ఒకర్ని గూడా అన్లేదు. తీసుకోనని ఎవురో పుట్టించినారు. ఆ మాట విని ఎవురూ ఈ పక్కకే రాల్యా. వచ్చి అడిగింది నువ్వొకనివే."

మర్నాడు కోర్టు వరండాలో ఒక కొత్త వకీలు నన్నాపి, "ఆయన దగ్గర చేరడం శానా కష్టమంట గదన్నా?" అన్నాడు.

"శానా కష్టం" అన్నాను.