ఇటుకల పండక్కి ఉత్తచేతుల్తో

ఇటుకల పండక్కి మా కొండల్లో మగాళ్ళు వేటకెళ్తారు. ఉత్తచేతుల్తో తిరిగొస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు కుండలతో పేడనీళ్ళు కొట్టి, నోటికొచ్చినట్టు తిడతారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. పండగ మరి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఖాళీగా వచ్చాడు. ఆడవాళ్ళ పక్కన నేనూ కుండ పట్టుకుని, గురి చూసి మొహం మీదే కొట్టాను. ఊరంతా విరగబడి నవ్వింది. నాన్న మండుతున్న కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాకు జాలి వెయ్యలేదు. గురి కుదిరిందన్న సంబరమే.

ఆ గురే నాకు కూడు పెట్టింది. ఆ తర్వాత నాన్న మమ్మల్ని విశాఖ తీసుకెళ్ళి, గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనిలో చేరాడు. నేను అక్కడ బంతులేరుతూ ఆట పట్టుకున్నాను. ఆడే పెద్దమనుషులు చెట్టు వెనక పడిన బంతిని కాలితో బయటికి తోసుకునేవాళ్ళు. గడ్డి కోసేవాడు చూస్తే చూసినట్టు కాదు కదా! ఇంటికొచ్చి నాన్న ఆ దొంగ కాలు చేసి చూపిస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక ప్రొఫెషనల్‌నయ్యాను. కాఫీ గింజలు కొనే వ్యాపారి ఒకాయన నా ఖర్చులు పెట్టుకున్నాడు. రెండేళ్ళు చూసి మొహం మాడ్చుకున్నాడు. మొదటి రెండు రోజుల్లో వెనకబడినవాళ్ళని మూడో రోజు ఆడనివ్వరు; నేను ప్రతిసారీ అక్కడే ఆగిపోయేదాన్ని. బెంగుళూరు పోటీలో కూడా అలాగే వెనక్కొస్తే ఇక నీ దారి నీదే అన్నాడు.

అక్కడ రెండో రోజు చివర్లో, బంతి వెనక కర్ర ఆనించాను. కొట్టకముందే బంతి కదిలింది, సామగింజంత. ఎవరూ చూడలేదు. నేనే చెప్పాను. గొప్పకి కాదు, ఆ దొంగ కాళ్ళంటే నాకు అసహ్యం. కర్ర ఆనించాక బంతి కదిలితే తప్పే; ఒక స్ట్రోక్ జరిమానా వేశారు, అంటే ఒక దెబ్బ ఎక్కువ కొట్టినట్టు లెక్క. సరిగ్గా ఆ ఒక్క స్ట్రోక్‌ తేడాతోనే పోటీలోంచి బయటికొచ్చాను.

నా ఖర్మ, పండగ రోజే డుంబ్రిగుడలో బస్సు దిగి ఊరికి నడిచాను. కుండలు పట్టుకున్న ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు.

"జరగండే, మన గుంట బట్టలు పాడైపోతాయి" అంది మా మేనత్త.

అప్పటికి నాన్న పని మానేసి ఊళ్ళోనే ఉంటున్నాడు. ఎదురొచ్చి "ఏటైంది?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"ఎవులైనా సూసినారేటి?"

"నేదు."

"మరెందుకు సెప్పినావు?"

"నాను సూసినాను కదా, నాన్నా."

అత్త చేతిలో కుండ లాక్కున్నాడు. మగాళ్ళు ఆ కుండ ముట్టుకోరు. అత్త చెయ్యి అడ్డం పెట్టేలోపే నీళ్ళు సరిగ్గా నా కళ్ళల్లో పడ్డాయి. గురి నాకెక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఒక్కరూ నవ్వలేదు. పండగనాడు కోపం తెచ్చుకోకూడదు. నాకొచ్చింది. ఆయన పోయాక కూడా తగ్గలేదు.