నా చెల్లెలిని చూసి కుళ్లుకున్న రోజులు

పోయిన నెలలో ఒక మంగళవారం మా చిన్న మనవరాలు మిన్నీని తీసుకుని చిలకలగూడలో పిల్లల థెరపీ సెంటరుకు వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే పచ్చి బియ్యం, ఎండిన వేపాకు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. హాల్లో ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు నిండా బియ్యం పోసి, పురుగు పట్టకుండా నాలుగు వేపరెబ్బలు వేసి ఉంచారు. ఆరేళ్ల మిన్నీ ఎవరూ చెప్పకుండానే వెళ్లి, ఆ బియ్యంలో మోచేతుల దాకా చేతులు దూర్చి, ఇంటి నుంచి బిగించుకుని వచ్చిన భుజాలను మెల్లగా వదిలేసింది. అక్కడ కౌన్సెలరుగా పనిచేసే స్వప్న అనే అమ్మాయి నన్ను చూసి నవ్వి, "అట్ల చేస్తే పాపకు జెర నిమ్మళంగ ఉంటది మేడమ్, ఆడుకోనియ్యండి" అంది. నేను తల ఊపి బెంచీ మీద కూర్చున్నాను. సంతోషించవలసిన సమయమే. కాని యాభై ఎనిమిదేళ్ల నా కడుపులో సన్నగా మంట మొదలైంది. ఆ మంట నాకు కొత్తది కాదు. దాన్ని కుళ్లు అంటారు. చిన్నప్పటి నుంచీ దానితో నాకు పరిచయం.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. గుంటూరు వైపు నుంచి పెళ్లయి వచ్చిన మా అమ్మ రాంగోపాల్‌పేట్‌లో ఒక బడిలో టీచరు. మాకు రెండు గదుల రైల్వే క్వార్టరు, ముందు సన్నటి వరండా, వెనక పంపు దగ్గర జామచెట్టు. పొద్దున వర్క్‌షాపు సైరను మోగితే కాలనీలోని సైకిళ్లన్నీ ఒకేసారి రోడ్డెక్కేవి, సాయంత్రం మళ్లీ అది మోగితే నాన్న చొక్కాతో పాటు ఇనుప రజను, గ్రీజు వాసన ఇంట్లోకి వచ్చేవి. వేసవిలో వరండా గచ్చు మీద నీళ్లు చల్లి, అవి ఆరాక సుద్దముక్కతో గళ్లు గీసి చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆషాఢంలో బోనాల డప్పులు వీధి మొదట్లో ఉండగానే కాలనీ పిల్లలందరం గేట్ల మీదికి ఎక్కేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే అమ్మ ఇనుప అచ్చును కాగిన నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలిస్తే గులాబీ పువ్వులు ఒక్కొక్కటే విడివడి తేలేవి, వాటి వాసనకు వీధిలో అందరికీ మా ఇంట్లో క్రిస్మస్ పనులు మొదలయ్యాయని తెలిసిపోయేది.

మొదటి పువ్వు ఎప్పుడూ రూతుకే.

రూతు నా చెల్లెలు, నాకంటే మూడేళ్లు చిన్నది. చాలా తెల్లగా, బొమ్మలా ఉండేది, ఎవరి కళ్లలోకీ చూసేది కాదు. నాలుగేళ్లు దాటినా మాటలు రాలేదు. సైరను మోగితే రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరేది, డప్పులు వినిపిస్తే తన చెయ్యి తనే కొరుక్కునేది. గౌను మెడ దగ్గర లేసు గుచ్చుకుంటే గౌను చింపి పారేసేది. అందుకని అమ్మ క్రిస్మస్‌కు మా ఇద్దరికీ లేసు లేని గౌన్లే కుట్టేది, ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే బాగుండదని. లేసు కోసం నేను ఎంత ఏడ్చానో అమ్మ గమనించిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

డప్పులు మోగినప్పుడు అమ్మ రూతుని మందపాటి దుప్పట్లో బిగుతుగా చుట్టి, పక్కన పడుకుని, వీపు మీద అరచేయి గట్టిగా అదిమి ఉంచేది. కాసేపటికి రూతు వణుకు తగ్గి నిద్రపోయేది. ఒకసారి నేనూ అదే దుప్పటి చుట్టుకుని చాప మీద పడుకుని, అమ్మ వస్తుందని ఎదురుచూశాను. బట్టలు మడత పెడుతున్న అమ్మ నన్ను దాటుకుంటూ, "ఏంటే ఆ వేషాలు? పెద్దదానివి కాదూ!" అని వెళ్లిపోయింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పెద్దదాన్ని.

మా వంటింట్లో బియ్యం డబ్బా ఉండేది, మూత తీస్తే ఎండు వేపాకు వాసన గుప్పుమనేది. రూతు ఎలా కనిపెట్టిందో గాని, సందు దొరికితే చాలు, అందులో చంకల దాకా చేతులు పెట్టి కూర్చునేది. మొదటిసారి అమ్మ రెండు దెబ్బలు వేసింది. రెండోసారి బియ్యమంతా మళ్లీ చెరిగి పోసుకుంది. మూడోసారి ఏమనుకుందో ఏమో, దాని మొహం వంక చాలాసేపు చూసి, పాత బిస్కెట్ల డబ్బాలో నూకలు పోసి దానికి విడిగా ఇచ్చేసింది. పక్కింటి సత్తెమ్మ అత్త అది చూసి, "గిదేంది టీచరమ్మా, అన్నం పెట్టే గింజలతోని ఆటలా?" అని బుగ్గలు నొక్కుకుంటే అమ్మ సిగ్గుపడి డబ్బాను తలుపు వెనక్కి జరిపింది.

ఈ కాలంలో సెంటరులో టబ్బు నిండా బియ్యం పోసి, హాల్లోనే, అందరి ఎదుటా పెట్టి ఉంచుతారు. దుప్పటి చుట్టి వీపు మీద చెయ్యి వేసే పద్ధతి నేర్పడానికి మా అమ్మాయి బ్లెస్సీని పిలిచి, చాప మీద కూర్చోబెట్టి, "మీరు బాగా చేస్తున్నరు" అని కూడా అంటారు. మా అమ్మ ఇవన్నీ ఎవరూ చెప్పకుండా తనంతట తనే కనిపెట్టింది. బాగా చేస్తున్నావని ఆమెతో ఒక్కరూ అనలేదు. ఎంబీబీఎస్ డాక్టరు టానిక్ రాసిచ్చాడు. పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. సత్తెమ్మ అత్త దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించమంది. నాన్నకు ఎవరు ఏది చెబితే అది చేయాలని ఉండేది. వాళ్లలో ఏ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు, వాళ్లందరి మధ్యా పిల్లను చంకనేసుకుని తిరిగింది అమ్మే.

రూతుకు ఏడేళ్లు వచ్చేసరికి పది పన్నెండు మాటలు వచ్చాయి. నీళ్లు, అమ్మ, జామకాయ, వద్దు, ఇంకా అలాంటివి. ఆ ధైర్యంతో అమ్మ దాన్ని నేను చదువుతున్న బళ్లోనే ఒకటో తరగతిలో చేర్చింది. నాకది నచ్చలేదు. ఇంట్లో ఎలాగూ అంతా దానిదే, బడి ఒక్కటైనా నాదిగా ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరైనా అడిగితే "మా చెల్లెలు" అని నోటిలోనే అనేదాన్ని.

ఆ డిసెంబరులో బడి క్రిస్మస్ నాటకంలో నాకు మరియమ్మ వేషం ఇచ్చారు. అమ్మ తన పాత నీలం చీరతో నాకు తలమీంచి కప్పుకునే పైట కుట్టింది. రూతుకు అలాంటిది కుట్టలేదు. నాకోసమే, నా ఒక్కదాని కోసమే అమ్మ కుట్టిన మొదటి బట్ట అది. ప్రాక్టీసు జరిగే మధ్యాహ్నం నేను ఆ పైట కప్పుకుని స్టేజీ మీద బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా ఆయా యాదమ్మ వచ్చింది.

"విమలా, జెర రా బిడ్డా. బెల్లు గొట్టంగనే మీ చెల్లె ఒకటే ఒర్లుడు. టీచరు స్టోర్‌రూముల పెట్టి గడియ పెట్టింది. నువ్వొస్తే ఊకుంటదేమో."

అందరూ నా వైపు చూశారు. నేను పైట సరిచేసుకున్నాను.

"నాకు ప్రాక్టీసు ఉంది," అన్నాను.

యాదమ్మ ఇంకాసేపు నిలబడింది. నేను బొమ్మ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె వెళ్లిపోయింది.

బడి వదిలాక వెళ్లి చూశాను. విరిగిన బెంచీల మధ్య రూతు మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. ఏడుపు లేదు. గౌను తడిసిపోయింది. చేతి మీద పళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, నన్ను దాటుకుని, గోడ వెంట నడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ రోజు నుంచి దానికి వచ్చిన పన్నెండు మాటలూ పోయాయి. మళ్లీ మొదటి మాట రావడానికి రెండేళ్లు పట్టింది.

అమ్మ వెళ్లి మా బడి వాళ్లను అడిగితే, పిల్ల ఇతర పిల్లలను భయపెడుతోందని, ఇలాంటి వాళ్లకు ఇక్కడ చోటు లేదని చెప్పి పంపించారు. అమ్మ తన టీచరు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. క్రిస్మస్ నాటకం నాడు నేను నీలం పైట కప్పుకుని స్టేజీ మీద కూర్చుని జనంలో అమ్మ కోసం వెతికాను. నాన్న ఒక్కడే కనిపించాడు. చేసిందంతా చేసి, అప్పుడు కూడా నేను చెల్లెలిని చూసి కుళ్లుకున్నాను, అమ్మను తన దగ్గరే ఉంచుకుందని. యాదమ్మ వచ్చి పిలిచిన సంగతి అమ్మ బతికి ఉండగా ఎప్పుడూ నేను చెప్పలేదు.

మిన్నీ సంగతి వేరు. అది పుట్టగానే చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. ఒంటినిండా సూదులు, గొట్టాలు. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి పట్టుకుంటే కేకలు పెడుతుంది. సెంటరులో ఎవరూ తెల్లకోటు వేసుకోకపోవడం దానిలాంటి పిల్లల కోసమే. నెలకోసారి మాటలు నేర్పే ఆమె, ఒళ్లు, చేతులు కుదురుగా వాడటం నేర్పే అతను, స్వప్న, మిన్నీ బడి టీచరు, బ్లెస్సీ, అల్లుడు, అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. అందరికీ కలిపి ఒకటే నోటుబుక్కు. "బళ్లో బెల్లు కొట్టే ముందు ఒక నిమిషం ముందే చెబుదామా?" అని టీచరే అడిగింది మొన్న. ఆ మాట విని నేను మంచినీళ్ల నెపంతో బయటికి వెళ్లిపోయాను.

అంతకంటే పెద్ద కుళ్లు నాకు పెద్ద మనవరాలు నేహను చూసి పుట్టింది. దానికి తొమ్మిదేళ్లు. అక్కడికి వచ్చే పిల్లల అక్కలకూ అన్నలకూ అని వారానికి ఒక గంట విడిగా ఉంటుంది. ఏ గది తలుపూ పూర్తిగా వేయరు కాబట్టి, బయట బెంచీ మీద ఉన్న నాకు లోపలి మాటలు వినిపించాయి.

"నాకు మిన్నీ అంటే ఒక్కోసారి అస్సలు ఇష్టం ఉండదు," అంది నేహ. "అమ్మ ఎప్పుడూ దాని దగ్గరే ఉంటది."

ఇప్పుడు స్వప్న తిడుతుంది, పెద్దదానివి కాదూ అంటుంది అనుకున్నాను.

"అట్ల అనిపిస్తదిరా. మస్తు మందికి అనిపిస్తది," అంది స్వప్న. "అమ్మతోని నీకొక్కదానికే టైం కావాలంటే ఎప్పుడు కావాలె? మనం అమ్మను అడుగుదాం."

నేహ ఆదివారం సాయంత్రం కావాలంది. స్వప్న నోటుబుక్కులో రాసుకుంది. అంతే, అంత సులువుగా తేలిపోయింది. కళ్లనిండా నీళ్లతో నా మనవరాలిని తిట్టుకున్నాను.

గంట అయ్యాక స్వప్న నా దగ్గరికి వచ్చి, "ఏమైంది మేడమ్?" అంది. ఎలా మొదలుపెట్టానో తెలియదు, నీలం పైట దగ్గరి నుంచి స్టోర్‌రూము దాకా అన్నీ చెప్పేశాను.

"మీరు ఆ రోజు పదేండ్ల పిల్ల మేడమ్," అంది చివరికి. "గడియ పెట్టింది మీరు కాదు."

ఆ మాటకు గుండె కొంచెం తేలికపడింది, వెంటనే మళ్లీ మండింది. నేహకు తొమ్మిదేళ్లకే దొరికిన మనిషి నాకు ఇన్నేళ్లకు దొరికింది. మా అమ్మకు దొరకనే లేదు.

"మీ చెల్లెను ఒకసారి తీసుకరండి," అంది స్వప్న.

ఇప్పుడు లాలాగూడలో మా క్వార్టరు లేదు, జామచెట్టు లేదు. మేము చదివిన బడిని కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, స్టోర్‌రూము ఉన్నచోట కార్లు నిలబడి ఉంటాయి. గులాబీ పువ్వుల అచ్చు ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. అమ్మా నాన్నా, యాదమ్మా, సత్తెమ్మ అత్తా ఎవరూ లేరు. నా దగ్గరే ఉంటున్న రూతుకు యాభై ఐదేళ్లు. ఆ గది లేకపోయినా దాని భయం మాత్రం పోలేదు. తలుపు వేసిన గదిలో అది కూర్చోదు. చర్చిలో కూడా బయట వరండాలోనే కూర్చుని ఆరాధన వింటుంది.

గురువారం పొద్దున్న తీసుకువెళ్లాను. రూతు లోపలికి రాలేదు, వరండా బెంచీ మధ్యలో కొంగు ఒళ్లో వేసుకుని కూర్చుంది. స్వప్న వచ్చి రెండు బారల దూరంలో ఆగింది.

"రూతమ్మా, నేను మీ పక్కన కూసోవచ్చా?"

రూతు నేల చూపులు చూస్తోంది. నాకు కంగారు పుట్టి, కూర్చోండి పర్వాలేదు అనబోయాను. స్వప్న చేత్తోనే నన్ను వారించింది. చాలాసేపు గడిచింది. అప్పుడు రూతు కొంగు దగ్గరికి తీసుకుని, ఎడమ పక్కకు జానెడు జరిగింది. స్వప్న కూర్చుంది. ఇద్దరూ రోడ్డు మీద వెళ్లే ఆటోలను చూస్తూ ఉండిపోయారు.

ఇన్నేళ్లుగా దానికి తల దువ్వింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను, జ్వరం వస్తే పక్కన ఉన్నది నేను. నాకోసం అది ఎప్పుడూ అలా జరగలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ పాతికేళ్ల పిల్లను చూసి నాకు ఒళ్లంతా కుళ్లు పాకింది. వెళ్లి రూతు ముందు నిలబడ్డాను.

"రూతూ, నేను కూర్చోనా?"

అది తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఆగు," అంది.

నేను గోడకు ఆనుకుని నిలబడి ఆగాను.