నాన్న చెప్పని చోటు

తెల్లవాళ్లూ, నల్లవాళ్లూ, మాలా వలస వచ్చిన తెలుగువాళ్లూ, అన్ని జాతులవాళ్లం ఈ దేశంలో మొదటిసారి కలిసి ఓటేసిన ఏడాది అది. నేను మెట్రిక్ ముగించాను. డార్నల్ అనే చిన్న ఊళ్లో మాది కిరాణా కొట్టు. నాన్న కొండ ఊళ్లకు వ్యాన్‌లో సరుకు వేస్తూ, ఒక వాగు గట్టున రాయిగా మారిన పెద్ద ఎముకను ఏరుకొచ్చాడు. దాన్ని గోనెలో చుట్టుకుని ఇద్దరం నగరంలోని మ్యూజియానికి వెళ్లాం.

అక్కడి శాస్త్రవేత్త భూతద్దం పెట్టి చూసింది. "డైనోసార్‌దే. ఎక్కడ దొరికింది? ఏ రాతిపొరలో ఉందో చూస్తేనే దీని వయసు తెలుస్తుంది. మిగతా ఎముకలు కూడా అక్కడే ఉండొచ్చు," అంది. నా ఆత్రం చూసి, "తవ్వకానికి నువ్వూ రావచ్చు," అంది. నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

నాన్న ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దిగాడు. "నోరు మూసుకో అమ్మీ. సరుకు దొరికే చోటు చెప్పేస్తే రేపు ఈవిడే ఎల్లి తవ్వేసుకుంటాది."

"తవ్వడమే ఆవిడ పని నాన్నా."

"నేనూ అదే చెప్తన్నాను."

ఆవిణ్ణి ముందు ధర తేల్చమన్నాడు. చోటు తెలియని ఎముకతో తనకు పని లేదని ఆవిడ దాన్ని మళ్లీ గోనెలో చుట్టి ఇచ్చేసింది.

బేరం కుదరనప్పుడు గుమ్మం దాకా మెల్లగా నడవాలి, వెనక్కి పిలుస్తారు. కొట్లో పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలివి నాకూ ఉంది. ఎంతో మెల్లగా నడిచాను. గుమ్మం దాటాం, మెట్లు దిగాం, వ్యాన్ ఎక్కాం. ఎవరూ పిలవలేదు.

తర్వాత ఎన్నిసార్లు అడిగానో. కొట్టూ వ్యానూ నాకే ఇచ్చాడు నాన్న. ఆ వాగు ఏదో మాత్రం చెప్పకుండానే పోయాడు. ఆయన దృష్టిలో నేనూ పోటీ కొట్టుదాన్నే.